రెండు పెట్టెలకు ఒకే నంబరు

నాకు దయ్యాల మీద ఏనాడూ నమ్మకం లేదు. ఇట్లాంటివి చెప్పేవాళ్ళంతా మొదట ఈ మాటే అంటారని నాకూ తెలుసు. అననివ్వండి. నేను ఇరవై ఎనిమిదేళ్ళుగా రైల్వేలో గుమాస్తా పని చేస్తున్నవాణ్ణి. కాగితం మీద ఉన్నదే నాకు ఉన్నట్టు. కాగితం మీద లేనిది ఎదురొచ్చి నిలబడినా పక్కకు తప్పుకొని పోయే రకం.

మాది జమ్మలమడుగు. తాత పురోహితుడు, నాన్న బడిపంతులు. ఎక్కం తప్పు చెబితే నాన్న వేళ్ళ కణుపుల మీద స్కేలుతో కొట్టేవాడు. ఆ దెబ్బలకు నాకు ఎక్కాలు రాలేదు, తప్పు దాచుకోవడం వచ్చింది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

నా పని డీజిల్ ప్యాసింజర్ పెట్టెల రికార్డులు రాయడం. మా వైపు పట్టాల మీదికి కరెంటు తీగలు రాకముందు, నంద్యాల నుంచి కడపకు జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, ఎర్రగుంట్ల మీదుగా ఈ రైళ్ళే తిరిగేవి. వాటికి విడిగా ఇంజను ఉండదు, చివరి పెట్టెల్లోనే ఇమిడి ఉంటుంది. ఆ పెట్టెలను కడిగి, బాగుచేసి పంపే ఒక చిన్న డిపోలో నా ఉద్యోగం. డిపో ఎక్కడిదో చెప్పను. చెబితే నా పేరు చెప్పినట్టే.

పెట్టె నంబరు అనేది మీరు ప్లాట్‌ఫారం మీద చూసి కూడా పట్టించుకోని విషయం. మాకు అదే దాని జాతకం. ఫ్యాక్టరీలో పని మొదలుకాకముందే ఒక ప్రొడక్షన్ ఆర్డర్ పడుతుంది, ఈ ఏడాది ఇన్ని ఇంజను పెట్టెలు, ఇన్ని మామూలు పెట్టెలు చేయాలని. ఇనుప రేకు కోయకముందే ఆ కాగితం మీద పెట్టెకు నంబరు పుట్టేస్తుంది. మొదటి రెండు అంకెలు తయారైన ఏడాది, మిగతావి వరుస సంఖ్య. ఒక నంబరు ఒక్క పెట్టెకే. బ్రేకు చెడిందన్నా, తలుపు ఊడిందన్నా నంబరుతోనే రాస్తాం. నంబరు తప్పయితే బాగున్న పెట్టె మరమ్మతుకు వస్తుంది, చెడిన పెట్టె జనాన్ని ఎక్కించుకొని పోతుంది.

ఆ నంబర్లు పెట్టెల మీద రాసేవాడు ఓబులేసు. కాంట్రాక్టు పెయింటరు. వీరపునాయునిపల్లె దగ్గరివాడు, గొర్రెలు కాచుకునే ఇల్లు. వానలు లేక సగం మంద అమ్ముకున్నాక పెయింటు డబ్బా పట్టాడు. ఎవరైనా రేకు అచ్చు పెట్టి నంబరు కొడతారు. ఓబులేసు అచ్చు ముట్టేవాడు కాదు. ఉత్త కుంచెతో రాసినా అచ్చు వేసినట్టే వచ్చేది. ఒక్క ఏడు అంకె మాత్రం అతన్ని పట్టిచ్చేది. దాని నడుముకు ఒక చిన్న ఏటవాలు గీత గీసేవాడు. వాళ్ళ మందలో గొర్రెల చెవులకు పెట్టే గాటు అట్లాగే ఉంటుందట. "ఇది రైలురా, నీ గొర్రె కాదు" అని ఎన్నిసార్లు కసిరినా నవ్వేవాడే గానీ ఆ గీత మానలేదు.

కొన్నేళ్ళ కిందట, పెట్టెల నంబర్లకు ఒక అంకె పెంచి కొత్తగా రాయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పాత నంబరు ఎదురుగా కొత్త నంబరు వేసి జాబితా తయారుచేసింది నేనే. కంప్యూటర్లో పై వరుసను కాపీ చేసి కింద అతికించి, అంకె మార్చుకుంటూ పోయాను. ఒక చోట మార్చడం మరిచిపోయాను. 417తో ముగిసే నంబరు రెండు పెట్టెలకు పడింది. రెండోదానికి 418 పడాలి.

ఆ తప్పు పట్టుకున్నది ఓబులేసు. అంకెలు చూసి కాదు. గొర్రెల కాపరులు ఒక్కొక్క గొర్రెను ముఖం చూసి గుర్తుపడతారు కదా, అతను పెట్టెలనూ అట్లాగే గుర్తుపెట్టుకునేవాడు. కిటికీ ఊచ వంగినది ఒకటి, మెట్టు సొట్టపోయినది ఒకటి. కుంచె చేత్తో పట్టుకొనే నా బల్ల ముందుకు వచ్చాడు.

"సామీ, ఈ నంబరు మొన్న సొట్టమెట్టు పెట్టెకు రాసినా గదా. మళ్ళా ఈ పెట్టెకు గూడా అదే రాయమంటాండావే?"

అప్పటికే జాబితా నా సంతకంతో పై ఆఫీసుకు వెళ్ళిపోయింది. పక్కన ఇద్దరు ఫిట్టర్లు చెవులు రిక్కించి వింటున్నారు. గొర్రెలు కాచుకునేవాడు నాకు తప్పు చూపించడమా అనిపించింది. ఉన్నమాట ఇదే.

"కాగితంలో ఏముంటే అది రాయి. నాకు చదువు చెప్పడానికి నిన్ను పెట్టుకోలేదు" అన్నాను.

"మా మందలో రెండిటికి ఒకటే పేరు పెట్టం సామీ. పెడితే ఒకదాన్ని పిలిస్తే ఇంగొకటి వస్తాది. రావాల్సింది రాదు, రాగూడనిది వచ్చి నిలబడతాది" అన్నాడు. అని, వెళ్ళి కాగితంలో ఉన్నట్టే రాశాడు.

ఆ సాయంత్రం అందరూ పోయాక జాబితా తీసి చూసుకున్నాను. అతను చెప్పింది నిజమే. గప్‌చుప్‌గా సరిచేసి కొత్త జాబితా పంపి, పాతదాన్ని వాపసు తెప్పించుకొని చించేశాను. ఓబులేసుకు మాత్రం చెప్పలేదు. చెబితే అతను గెలిచినట్టు. నాలుగు రోజులు ఆగి ఏదో వంక మీద మార్పిద్దాంలే అనుకున్నాను.

ఆ నాలుగు రోజుల్లోనే తనిఖీ వచ్చింది. పెద్ద ఆఫీసరు యార్డులో నడుస్తూ రెండు పెట్టెల మధ్య ఆగి, "ఇవేంటి, కవలలా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. జాబితా అడిగితే సరిచేసినదే చూపించాను. అందులో 418 అని స్పష్టంగా ఉంది.

"పెయింటరు తప్పు రాశాడు సార్" అన్నాను.

ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం. మా వైపు ఎండ సంగతి తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. పెట్టె రేకు ముట్టుకుంటే చర్మం అంటుకుపోతుంది. ఆ తప్పు నంబరును అప్పటికప్పుడు బ్లేడుతో గీకి తీసేయమన్నాడు ఆఫీసరు, మళ్ళీ ఎవరూ తప్పు చేయకుండా అందరి ముందూ. ఓబులేసు ఒక చేత్తో రేకును ఆనుకొని, ఇంకో చేత్తో గీకాడు. చెయ్యి మార్చుకున్నప్పుడల్లా అరచేతులు ఊదుకున్నాడు. ఎవరో "గొర్రెకు ఉన్ని గొరిగినట్టు గొరుగుతున్నాడే" అన్నారు. దానికీ నవ్వారు.

సగంలో ఆగి నావైపు తిరిగాడు. "సామీ, ఒక్క మాట చెప్పు" అన్నాడు.

నేను చేతిలో కాగితం చూసుకుంటూ నిలబడ్డాను.

ఆ రోజుతో అతని పని పోయింది. చదువురానివాడు, నంబర్లు తప్పు రాస్తాడు అని పేరు పడ్డాక ఏ కాంట్రాక్టరూ పిలవలేదు. తప్పు తనది కాదని ఒక్క కాగితం రాసివ్వమని జమ్మలమడుగులో మా ఇంటికి మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ గేటు బయటే నిలబెట్టి, రేపు రా అన్నాను. నా భార్య సుజాత అతనికి మజ్జిగ ఇచ్చేది. "రాసివ్వకూడదా అండీ, పాపం" అనేది. ఆఫీసు విషయాలు నీకు తెలియవు అనేవాణ్ణి. మూడోసారి వచ్చినప్పుడు అతని అరచేతులు ఇంకా మానలేదని ఆమె చెప్పింది. నేను చూడలేదు.

మే నెలలో మిగిలిన గొర్రెలు తోలుకొని పోయి, వడదెబ్బ తగిలి చనిపోయాడు. అతని భార్య లక్షుమ్మ డిపో దాకా నడుచుకుంటూ వచ్చింది.

"ఇంగ పనికి పొయ్యేవాడు యాడున్నాడులే సామీ. అయినా ఆ కాగితం ఇయ్యి. తప్పు చేసి పోయినోడని ఊర్లో శానా మంది అంటాండారు" అంది. ఆమెకూ రేపు రమ్మనే చెప్పాను.

ఇంతవరకూ చెప్పింది నా మంచితనం. ఇక అసలు విషయం.

జూలైలో ఒక మధ్యాహ్నం, రిజిస్టరు పట్టుకొని యార్డులో పెట్టెలు సరిచూస్తున్నాను. నా పక్కన ఫిట్టరు మస్తాన్‌వలి ఉన్నాడు. వేరే పెయింటరు అచ్చు పెట్టి 418 కొట్టిన పెట్టె దగ్గరకు వచ్చాం. దాని మీద 417 అని ఉంది. అచ్చు కాదు, కుంచె రాత. పసుపు రంగు తడి ఆరనట్టు మెరుస్తోంది. ఏడు నడుముకు ఏటవాలు గీత.

"సార్, ఇది ఓబులేసు చెయ్యి గదా?" అన్నాడు మస్తాన్‌వలి.

ఫోన్ తీసి ఫోటో కొట్టాను. ఫోటోలో అచ్చు వేసిన 418 ఉంది. తలెత్తి చూస్తే రేకు మీద 417. మస్తాన్‌వలి ఫోన్ చూశాడు, రేకు చూశాడు, రెండడుగులు వెనక్కు వేశాడు. నేను వెళ్ళి ఇంకో ఇద్దరిని పిలుచుకొచ్చేసరికి రేకు మీద కూడా 418 ఉంది. ఎండలో కళ్ళు చెదిరాయని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పాత రంగు సరిగా పోక పైకి తేలిందని కూడా అనుకున్నాను. అయితే ఇద్దరి కళ్ళు ఒకేలా ఎట్లా చెదురుతాయి?

నేను పట్టువదిలే మనిషిని కాను. ఆ చోటంతా ఇనుము బయటపడే దాకా గీకించి, దగ్గరుండి కొత్త రంగు వేయించాను.

మూడు వారాల తర్వాత, మళ్ళీ మధ్యాహ్నం పూటే, మళ్ళీ కనిపించింది. ఈసారి చివర 417 అదే గానీ, మొదటి రెండు అంకెలు మారాయి. అవి వచ్చే ఏడాదివి. అంటే ఇంకా తయారు కాని పెట్టె నంబరు. ఆ రోజు మస్తాన్‌వలి సెలవులో ఉన్నాడు కాబట్టి దీనికి సాక్షి లేడు. ఆరు అంకెలూ నా జేబు డైరీలో రాసుకున్నాను. ఆ డైరీ నా దగ్గర ఇప్పటికీ ఉంది.

మరుసటి ఏడు కొత్త ప్రొడక్షన్ ఆర్డర్ నకలు వచ్చింది. మా డిపోకు కేటాయించిన మామూలు పెట్టెల్లో మూడోది, నా డైరీలో ఉన్న నంబరే. ఆరు అంకెలూ.

మీరు అడగబోయేది నేనే అడుగుతాను. ప్రతి ఏడాదీ వరుస సంఖ్య మొదటినుంచి మొదలవుతుంది కాబట్టి ఇంకో 417 రావడం వింత కాదు. అది మా డిపోకే రావడం కూడా కాకతాళీయం కావచ్చు. ఆ మాటతో నాలుగు రోజులు బాగానే నిద్రపోయాను.

పెట్టె వచ్చింది. కొత్త రంగు వాసన, మెరిసే కమ్మీలు, ఫ్యాక్టరీలో అచ్చుతో వేసిన నంబరు. ఏడుకు గీత లేదు. ఏ లోపమూ లేదు. దాన్ని చూసినప్పుడల్లా ఓబులేసు అన్నది గుర్తొచ్చేది, రాకూడనిది వచ్చి నిలబడుతుందని. నా కోసం భయపడలేదు. సుజాత ప్రొద్దుటూరులో ఒక బడిలో టీచరు. రోజూ పొద్దున జమ్మలమడుగులో ఆ రైలే ఎక్కుతుంది.

ఆమెకు ఆ ఆరు అంకెలు చీటీ మీద రాసిచ్చాను. తలుపు పక్కన ఈ నంబరు కనిపిస్తే ఆ పెట్టె ఎక్కొద్దు అన్నాను. మొదట నవ్వింది. "రైల్వేవాళ్ళకు కూడా వాస్తు పట్టిందా?" అంది. నా ముఖం చూసి నవ్వు ఆపేసింది. ఎందుకని అడిగితే చెప్పలేదు. చెప్పాలంటే జాబితా దగ్గరనుంచి మొదలుపెట్టాలి. అయినా ఆమె నా మాట తీసెయ్యలేదు. రెండు నెలలు ఆ చీటీ పర్సులో పెట్టుకొని, ఆ పెట్టె వస్తే పక్క పెట్టెలో ఎక్కేది.

నాకు అదీ చాలలేదు. ఒక రోజు మస్తాన్‌వలిని పిలిచి, ఆ పెట్టె తలుపు బిగుసుకుపోతోందని రాసి సిక్ లైనులో పెట్టించమన్నాను. సిక్ లైనంటే మరమ్మతు పెట్టెలు నిలబెట్టే పట్టా.

"తలుపు బాగానే ఉండాది గదా సార్" అన్నాడు.

"చెప్పింది రాయి" అన్నాను. నన్ను ఒకసారి ఎగాదిగా చూసి రాశాడు. పెట్టె సిక్ లైనుకు చేరింది, రిజిస్టరులో నేను సంతకం పెట్టాను. మర్నాడు పొద్దున సుజాత టిఫిన్ డబ్బా సర్దుకుంటుంటే, "ఇవాళ ఆ పెట్టె లేదు, నిశ్చింతగా వెళ్ళు" అని కూడా చెప్పాను.

ఇక్కడినుంచి సుజాత చెప్పింది.

రైలు వచ్చి ఆగింది. రోజూ నిలబడే చోటే నిలబడింది. ఎదురుగా తలుపు. మెట్టు మీద కాలు పెట్టి తలుపు పక్కన రేకు మీద చెయ్యి ఆనించింది. చేతికి తడి తగిలింది. చూస్తే పసుపు రంగు. అరచేతి పక్కనే ఆ ఆరు అంకెలు, చేత్తో రాసినట్టు, ఏడు నడుముకు చిన్న గీత. ఆయన పొరబడినట్టున్నారు అనుకొని దిగిపోయి పక్క పెట్టెకు పరుగెత్తింది. కమ్మీ పట్టుకునేసరికి రైలు కదిలింది. రంగు అంటిన చెయ్యి కమ్మీ మీద జారింది.

కుడికాలు మోకాలి కింద తీసేశారు. కడప ఆసుపత్రిలో ఆపరేషన్ గది బయట నిలబడి మస్తాన్‌వలికి ఫోన్ చేశాను, ఆ పెట్టె ఎక్కడుందని.

"సిక్ లైన్లోనే ఉండాది సార్. దాని ముందరే నిలబడుకోని ఉండా. ఏమైంది?" అన్నాడు.

ఆ రోజు రైల్లో పోయిన పెట్టెల పట్టిక తర్వాత నేనే చూశాను. ఆ నంబరు అందులో లేదు. ఆ రైలులో ఏ పెట్టెకూ ఆ నెలలో రంగు వేయలేదు. ఆ రికార్డు రాసేది కూడా నేనే. సుజాత అరచేతికి అంటిన పసుపు రంగును నర్సు స్పిరిట్‌తో తుడిచింది. చీర కొంగుకు అంటినది ఇప్పటికీ పోలేదు. నాలుగు వేళ్ళ గుర్తులు.

వారం తర్వాత విచారణకని ఒకాయన కాగితాలు పట్టుకొని ఆసుపత్రికి వచ్చాడు. ఎక్కబోయిన పెట్టె దిగి, కదిలే రైలు వెంట పక్క పెట్టెకు ఎందుకు పరుగెత్తారమ్మా అని అడిగాడు. ఎనిమిదేళ్ళుగా అదే రైలు ఎక్కుతున్న మనిషి, ఏ రోజూ కదిలే రైలు ఎక్కనిది. ఆ ప్రశ్న అన్యాయం కాదు.

సుజాత నావైపు తిరిగింది. "మీరు ఒక్క మాట చెప్పండి" అంది.

ఓబులేసు ఆ మాట అన్నాడని ఆమెకు నేను ఏనాడూ చెప్పలేదు.

ఆ పెట్టె ఎక్కొద్దని నేనే చెప్పాను అనాలి. అంటే ఎందుకు అని అడుగుతాడు. అక్కడినుంచి బాగున్న పెట్టెను సిక్ లైనులో పెట్టించింది బయటపడుతుంది, డైరీ బయటపడుతుంది, చించేసిన జాబితా బయటపడుతుంది. సర్వీసు ఇంకా ఉంది. నేను ఆయన చేతిలో కాగితం వంక చూస్తూ నిలబడ్డాను. ఆయన ప్రయాణికురాలి సొంత అజాగ్రత్త అని రాసుకున్నాడు. సాక్షి సంతకం నాదే.

ఆ రోజు నుంచి సుజాత నాతో మాట్లాడటం మానేసింది. డిశ్చార్జి అయ్యాక వాళ్ళ అన్నను పిలిపించుకొని పులివెందుల వెళ్ళిపోయింది. "ఆ ఊరికి రైలు లేదన్నా, ఆడనే ఉంటా" అందట అతనితో. పండగలకు వెళితే కాఫీ ఇస్తారు. ఆమె లోపలి గదిలోనే ఉంటుంది. ఒకసారి మాత్రం గడప దాకా కర్రల మీద వచ్చి, "ఆ లక్షుమ్మకు కాగితం ఇచ్చారా?" అని అడిగింది. ఇవ్వలేదు అన్నాను. వెనక్కు తిరిగి వెళ్ళిపోయింది.

ఆ కాగితం రాశాను. పెయింటరు ఓబులేసు తప్పు రాయలేదు, తప్పు జాబితా ఇచ్చింది నేనే అని మూడు వాక్యాలు. తేదీ వేయలేదు. బల్ల సొరుగులో ఉంది. రెండేళ్ళలో రిటైరవుతాను, అప్పుడు ఇద్దామని.

ఇప్పుడు మా దారిలో కరెంటు రైళ్ళు నడుస్తున్నాయి. ఆ డీజిల్ పెట్టెలన్నీ వేరే చోటికి పోయాయి. వాటిలో ఆ 417 కూడా ఉంది, పంపిన కాగితం మీద సంతకం పెట్టింది నేనే.

సిక్ లైనులో నిలబడి ఉన్న పెట్టె, అదే నిమిషంలో జమ్మలమడుగు ప్లాట్‌ఫారం మీద నా భార్య ముందుకు ఎట్లా వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఆ రంగు ఎవరు వేశారో కూడా తెలియదు. ఒక నంబరు రెండు పెట్టెలకు ఎట్లా పడుతుందో మాత్రం, ఈ డివిజన్ మొత్తంలో నాకంటే బాగా తెలిసినవాడు లేడు.